గొట్టం రెండో కొస

జోసఫ్ రత్నం మాస్టారికి ఒక అలవాటు ఉంది. శిష్యులెవరైనా రోగి మీద ఫిర్యాదు తెస్తే జవాబివ్వరు, ఆ రోగినే ఫోన్‌లోకి పిలవమంటారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ నుంచి బతికి బయటపడి ఇళ్లకు చేరినవాళ్లకు వీడియోలో ఊపిరి కసరత్తులు నేర్పే ఫిజియోథెరపిస్టు ఆయన.

ఒక ఉదయం హిమజ అనే శిష్యురాలు రోగి లెక్కలు రాసిన కాగితం పట్టుకొచ్చి అడిగింది. "మాస్టారూ, బొబ్బిలి దగ్గరి పైడమ్మగారు ఎనిమిది వారాలుగా రోజూ ఇరవైసార్లు ఊదుతున్నారు. అయినా ఆయాసం పెరుగుతోంది, నడక సగానికి పడిపోయింది. బాగుపడనివాళ్ల చోటు వేరేవాళ్లకు ఇవ్వాలని మన నియమం కదా. పేరు తీసేయనా?"

ఎడమ ఊపిరితిత్తి సగం కోయించుకుని, మిగిలినదానితో నెట్టుకొస్తున్న మనిషి పైడమ్మ. ఆ చోటు పోతే ఆమెకు ఊపిరి నేర్పేవాళ్లు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. హిమజ మాత్రం కాగితం చూసి మాట్లాడింది.

మాస్టారు ఫోన్ కలపమన్నారు. తెర మీద పైడమ్మ ముఖం, పెదాల మధ్య గొట్టం. గొట్టం రెండో కొసను నీళ్ల సీసాలో ముంచి, బుడగలొచ్చేలా మెల్లగా ఊదాలి. అదీ కసరత్తు. గొట్టం ఏదైనా సరే, పెదాలు మాత్రం బాగా కనిపించేలా ఫోన్ దగ్గరగా పెట్టుకోమన్నది మాస్టారూ శిష్యులే. బొమ్మ మసకగా వస్తుంటే చవక ఫోన్ కాబోలు అనుకుంది హిమజ.

"అమ్మా, ఫోన్‌ని ఆ గొట్టం రెండో కొస వైపు తిప్పండి," అన్నారు మాస్టారు.

పైడమ్మ జంకుతూ తిప్పింది. సీసా లేదు. కట్టెల పొయ్యి ఉంది, దాని మీద ఇడ్లీ పాత్ర ఉంది. గదంతా పొగ. పెనిమిటి అప్పలస్వామి ముందుకొచ్చాడు.

"ఊదడమే కదండీ బాబూ! నీళ్లల్లో ఊదితే ఏటొస్తాది? పొయ్యిలో ఊదితే మా టిపిన్ కొట్టుకి మంట, దానికి ఎక్సర్‌సైజు. రెండు పన్లూ అయిపోతన్నాయి."

ఏం తెలివండీ! హిమజకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెబుతుంటే నాకు ఇప్పటికీ ఎక్కుతోంది.

మాస్టారు గొంతు పెంచలేదు. "ఆ గొట్టం నువ్వు తీసుకో. ఇరవై ఊదు. నేను లెక్కపెడతాను."

అతను నవ్వుతూనే వంగాడు. ఏడోదానికి దగ్గు తెర కమ్మింది. తొమ్మిదోదానికి గొట్టం పారేసి, ముక్కూ కళ్లూ తుడుచుకుంటూ వీధిలోకి పరుగెత్తాడు. అతనికి రెండు ఊపిరితిత్తులూ పూర్తిగా ఉన్నాయి.

పైడమ్మ వంగి గొట్టం అందుకుంది. "మిగిలిన పదకొండూ నాను ఊదెయ్యనా బాబూ?"

"వద్దమ్మా. బయట అరుగు మీదికి వచ్చి కూర్చోండి. పొయ్యి సంగతి మీ ఆయన చూసుకుంటాడు. రేపటి నుంచి మన క్లాసు అక్కడే."

ఫోన్ పెట్టేశాక కూడా హిమజ కోపం చల్లారలేదు. "ఆ మనిషిని నాలుగు కడిగేయాల్సింది మాస్టారూ!"

"రోజూ 'బాగా పీల్చండి, ఇంకా లోతుగా పీల్చండి' అని చెప్పింది అతను కాదు కదా, మనమే," అన్నారాయన.

మాస్టారు ఆమె చేతిలోని కాగితం తీసుకుని గడుల మీద వేలు పెట్టారు.

"ఎన్నిసార్లు ఊదారో రాయడానికి గడి ఉంది. ఏం పీల్చారో రాయడానికి లేదు. ఈ కాగితం తయారుచేసింది నేనే."