తెల్ల కాలికి దిష్టితాడు

ఈ కథ నాకు మొదట చెప్పింది గుర్రాలకి నాడాలు కొట్టే మా మేనమామ ఎర్రప్పడు. ఒక్క ముక్క అటూ ఇటూ కాకుండా చెబుతున్నాను.

తాళ్లగెడ్డ రాజావారి గుర్రం, దాని పేరు మెరుపు, పందెం గెలిచింది. రాజావారు పొంగిపోయారు.

"మెరుపు పటం అచ్చు వేయించండి! దాన్ని సాకినవాడు పక్కన నిలబడాలి. లాయం పెత్తనం, ఏటి పక్క మాగాణి వాడికే!"

సాకింది పైడయ్య. గడ్డి కోసేదీ, ఒళ్లు తోమేదీ, లద్దె ఎత్తేదీ అతనే. అచ్చు వచ్చాక చూస్తే పటంలో పైడయ్య లేడు. దివాన్ జగ్గరాయుడున్నాడు! లాయం దారిన పోతే ముక్కు మూసుకునే మనిషి, కళ్లెం పట్టుకుని, గుర్రం తోకంత మీసంతో నిలబడ్డాడు.

"సాకింది నేనే ప్రభూ," అన్నాడు సభలో.

పైడయ్య నల్లతాడు పట్టుకుని వచ్చాడు.

"మహాప్రభో, గెలిచిన గుర్రానికి దిష్టి తగులుతుంది. దాని ఒక్క తెల్ల కాలికి ఈ తాడు కట్టాలి. సాకినవారే కట్టాలి."

"కట్టు, దివాన్!" అన్నారు రాజావారు.

దివాన్ గోడమీది పటం వైపు ఓరగా చూశాడు.

"కుడి ముందరి కాలు. నువ్వే కట్టెయ్యరా పైడిగా."

"కుడిదేనా బాబూ?"

"రోజూ నా చేత్తో కడిగే కాలురా! నాకు తెలీదూ?"

"పదండి, నేనూ చూస్తా," అని రాజావారు లేచారు.

లాయంలో చూస్తే మెరుపు కుడి కాలు నేరేడుపండులా నిగనిగలాడుతోంది. తెల్లనిది ఎడమ కాలు!

పటం గీసిన బొమ్మలవాడు ముందుకొచ్చి దండం పెట్టాడు. "అచ్చురాతి మీద గీసింది కాగితం మీద కుడిఎడమలు తిరగబడి పడుతుంది ప్రభూ. ఆ సంగతి మరిచి గీశాను. ఎడమది కుడి అయింది."

"విన్నారా! తప్పు బొమ్మలవాడిది!" అని దివాన్ ఎగిరాడు.

పైడయ్య చేతులు కట్టుకున్నాడు.

"మరే బాబూ. లాయంలో గుర్రాన్ని నేను కడిగాను, పటంలో గుర్రాన్ని తమరు కడిగారు!"

రాజావారు పొట్ట పట్టుకుని నవ్వారు. మెరుపు సకిలించింది. పెత్తనం, మాగాణి పైడయ్యకి దక్కాయి. కొత్త అచ్చులో కళ్లెం పైడయ్య చేతిలో, లద్దె గంప దివాన్ నెత్తిన!

మా ఊరి బడిపంతులు సోమయాజులు, పటంలో గుర్రం మాటన్నది ఆస్థాన కవి అని పుస్తకంలో రాసుకుని పిల్లలకి చెబుతున్నాడు. పదేళ్లుగా మొత్తుకుంటున్నా వినడు. లాయంలో కవికేం పని? అక్షరం వచ్చినవాళ్లు ఎవరైనా ఆయన పుస్తకంలో కవిని కొట్టేసి, పైడయ్య అని రాసిపెట్టండి.