అద్దం ముందు మూడు మాటలు

హైమవతి ఇంట్లో పొద్దుటిపూట, కూతురు తరళకు జడ వేసే వేళ, మూడు మాటలు వినిపించే అలవాటు ఒకటి ఉండేది. ఇప్పుడు లేదు.

భర్త జ్వరంతో పోయిన పదహారు రోజులకు ఆమె ఆ అలవాటు మొదలుపెట్టింది. ఐదేళ్ళ పిల్లను నిలువుటద్దం ముందు కూర్చోబెట్టి, జుట్టు మూడు పాయలుగా తీసి, ఒక్కొక్క పాయ మడిచినప్పుడల్లా ఒక్కొక్క మాట అనిపించేది. “నేను ధైర్యవంతురాలిని. నాకు భయం లేదు. నేను ఎప్పుడూ సంతోషంగా ఉంటాను.” పిల్ల తడబడితే, గొంతు వణికితే, ఆమె కోపగించుకునేది కాదు, అల్లినంత మేరా విప్పి, మళ్ళీ మొదటి పాయ అందుకునేది. నెల తిరిగేసరికి తరళ తడబడడం మానేసింది. ఏడవడమూ మానేసింది. తండ్రి ఊసు ఒక్కసారైనా ఎత్తలేదు. ఇంత చిన్నపిల్లను ఎంత బాగా నిలబెట్టుకుందోనని చూసినవాళ్ళు హైమవతిని మెచ్చుకున్నారు.

అయితే పిల్ల చిక్కిపోతోంది. కంచంలో సగం అన్నం పక్కకు జరిపి, చిన్న చిన్న ముద్దలు చేసి, అద్దం ముందు వరసగా పెట్టి వస్తోంది. వైద్యుడు ఏ రోగమూ లేదన్నాడు. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

ఒకనాటి మధ్యాహ్నం తరళ తల్లి పక్కనే చాప మీద నిద్రపోతోంది. పెదవులు కదలడం లేదు. అవతల, అద్దం ఉన్న గదిలోంచి, తరళ గొంతే మెల్లగా అడిగింది: “నాన్న ఎప్పుడొస్తాడు?”

హైమవతి ఆ గదిలోకి వెళ్ళలేదు. పిల్ల చేయి పట్టుకుని, లేచేదాకా అలాగే కూర్చుంది.

ఆమె గురువు శేషమాంబగారు ఏటి ఒడ్డున చిన్న ఆశ్రమంలో ఉంటూ, వచ్చినవారికి వేదాంతం చెప్పేవారు. అడిగినదానికి అప్పటికప్పుడు బదులివ్వడం ఆవిడ పద్ధతి కాదు. మర్నాడు హైమవతి వెళ్ళి ఆవిడ ఎదుట కూర్చుంది.

“అమ్మగారూ, మంచి మాట రోజూ అనిపిస్తే పిల్ల మనసు ఆ మాటలాగే కుదురుకుంటుందని నమ్మాను. మాట కుదిరింది. పిల్ల మాత్రం నా కళ్ళ ముందే కరిగిపోతోంది. నేను చేసిన తప్పేమిటి?”

“రేపు జడ వేసే వేళకు వస్తాను. కాఫీ పెట్టి ఉంచు,” అన్నారావిడ. “కిందటిసారిలా వేడినీళ్ళు ఇచ్చి కాఫీ అనకు.”

అన్నట్టుగానే వచ్చారు. కాఫీ గ్లాసు కిటికీలో పెట్టి, అద్దం ముందు పిల్ల పక్కనే చతికిలబడ్డారు.

“తల్లీ, అన్నం ఎవరికి పెడుతున్నావు?”

“లోపలి పాపకి.”

“లోపలంటే ఎక్కడ?”

తరళ అద్దం వైపు వేలు చూపింది. “నేను లేచి బడికెళ్ళిపోయినా అది లేవదు, అవ్వా. అక్కడే కూచుంటుంది.”

“పాపం. మరి దానికి జడ ఎవరు వేస్తారు?”

“ఎవ్వరూ వెయ్యరు. అది ఏడుస్తుందిగా. ఏడిస్తే అమ్మ విప్పేస్తుంది.”

రోజూ ఆ మూడు మాటలు చెప్పే గొంతుతోనే, ఏ ఎగుడుదిగుడూ లేకుండా, ఈ మాటా చెప్పింది. హైమవతి చేతిలో దువ్వెన ఆగిపోయింది.

శేషమాంబగారు ఆ దువ్వెన అందుకున్నారు. “నువ్వు ఇలా జరుగు తల్లీ. హైమా, నువ్వు కూర్చో.”

“నేనా అమ్మగారూ?”

“నువ్వే. ఇంకొకరి చేత జడ వేయించుకుంటే అరిగిపోవులే.”

ఆమె కూర్చుంది. ఆవిడ మూడు పాయలు తీసి, “ఇక చెప్పు,” అన్నారు. హైమవతి రెండు మాటలు చెప్పగలిగింది. మూడో మాట దగ్గర ఆగిపోయింది. ఆవిడ జడ విప్పి మొదటి పాయ అందుకున్నారు. ఈసారి రెండో మాటే రాలేదు. మళ్ళీ విప్పారు. మూడోసారి “నేను” అన్న తరువాత హైమవతికి ఏమీ తోచలేదు. మాడు మీద ఏదో చల్లగా పాకినట్టయింది. తలెత్తి అద్దంలోకి చూసింది.

అద్దంలోని మనిషి ఏడుస్తోంది. హైమవతి చెంప తడిమి చూసుకుంది. పొడిగా ఉంది.

వేళ్ళు ఆ పొడిచెంప మీదే ఉంచుకుంది. వెనకనుంచి తరళ వచ్చి భుజం మీదుగా తొంగి చూసింది. “అమ్మా, నీక్కూడా ఉందా లోపల?”

అప్పుడు వేళ్ళు తడిశాయి. పిల్ల ఒళ్ళోకి వచ్చి కూర్చుని, రెండు నెలల తరువాత, తన నోటితో తాను అడిగింది: “నాన్న ఎప్పుడొస్తాడు?”

“రాడమ్మా,” అంది హైమవతి. అంతవరకు ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. తరళ గొంతు పోయేదాకా ఏడ్చింది. వెనక శేషమాంబగారు నెమ్మదిగా అల్లుతూనే ఉన్నారు, ఈసారి విప్పలేదు. కిటికీలో కాఫీ మీగడ కట్టింది.

ఆ మధ్యాహ్నం తరళ కంచంలో పెట్టినదంతా తిని, వేళ్ళు నాకి, ఇంకా కావాలంది. తరువాత ముగ్గురూ వసారాలో కూర్చుని, సాయంత్రం కూరకు చిక్కుడుకాయల ఈనెలు తీశారు. శేషమాంబగారు ఆ నెల దాటకుండానే కన్నుమూశారు. కాబట్టి ముగ్గురూ కలిసి చేసిన పనుల్లో అదే చివరిది. కొంతసేపటికి తరళ ఒక కాయ విప్పి, “అమ్మా, ఇందులో పురుగుంది,” అంది. హైమవతి గబుక్కున చేయి చాచింది.

“లాక్కోకు హైమా,” అన్నారు శేషమాంబగారు, తల ఎత్తకుండానే. “కాసేపు చూడనీ.”