ఇశ్రాయేలు చెల్లెలు

గుర్నాథం మాస్టారికి ఒక అలవాటుంది. గుంటూరులో తన ఇంటి ముందు గదిలో కూర్చుని జనన ధ్రువపత్రాలూ, పెళ్ళి కాగితాలూ, చర్చి ఉత్తరాలూ ఇంగ్లీషులోకి మార్చి, కింద ముద్ర కొట్టి ఇస్తుంటారు. పరదేశానికి దరఖాస్తు పెట్టుకునేవాళ్ళలో చాలామంది ఆయన గడప తొక్కినవాళ్ళే. ఎంత పొడుగు కాగితమైనా గడగడా రాసుకుపోయే మనిషి, అన్న అనో తమ్ముడు అనో మాట తగిలేసరికి కలం కింద పెట్టేస్తారు. "మీరిద్దరూ ఒకే తల్లి కడుపున పుట్టారా?" అని అడుగుతారు. కాదంటే 'కజిన్' అని రాసి, "నన్ను క్షమించాలి, ఏమీ అనుకోకండి" అంటారు. వచ్చినవాళ్ళు తెల్లమొహం వేసి, ముద్ర ఆరేదాకా కూర్చుని వెళ్ళిపోతారు.

ఆయన దగ్గర అనువాదం నేర్చుకుంటున్న హైమవతి ఈ తంతు ఏడాదిగా చూస్తోంది. కాలేజీలో పదహారేళ్ళు వ్యాకరణం చెప్పి మానుకున్న మనిషాయె, ఊరికే ఉంటుందా? ఒకరోజు అడిగేసింది.

"మాస్టారూ, తప్పు రాసినవాడు క్షమాపణ చెప్పుకోవాలి గానీ, ఒప్పు రాసిన మీకెందుకండీ?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. జవాబుగా వాదమేమీ పెట్టుకోలేదు. సలోమి సంగతి చెప్పారు.

సలోమి ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. పుట్టిన తొమ్మిదో రోజునే తల్లి పోయింది. తండ్రి మరో పెళ్ళి చేసుకుని పత్తా లేకుండా పోయాడు. తల్లి అక్క ఏలీశమ్మ ఆ పసిగుడ్డును తెచ్చుకుని, ఆరేళ్ళ తన కొడుకు ఇశ్రాయేలు ఒళ్ళో పెట్టి, "ఇదిగోరా నీ చెల్లెలు" అంది. అంతే, ఆ పూట నుంచి వాడికి చెల్లెలే. బడిలో ఎవడో "అది మీ పిన్ని కూతురు కదరా" అన్నందుకు వాడి పన్ను రాలగొట్టి ఇంటికొచ్చాడు. ఏలీశమ్మ వీపు విమానం మోత మోగించింది గానీ, కొట్టిన చేత్తోనే వాడికి రెండు గుడ్లు ఉడకబెట్టి పెట్టింది. ఆ ఇంట్లో పెద్దమ్మ అన్న మాట గానీ, పిన్ని కూతురన్న మాట గానీ పుట్టలేదు. ఏలీశమ్మ పోయేముందు కొడుకు చెయ్యి పట్టుకుని, "దానికి నువ్వు తప్ప ఎవరున్నార్రా" అని మాత్రం అంది.

తర్వాత ఇశ్రాయేలు లారీల మెకానిక్కుగా ఆస్ట్రేలియా వెళ్ళాడు, స్థిరపడ్డాడు. పెళ్ళీ పెటాకులూ లేవు. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పాట: "చెల్లీ, నువ్వొచ్చెయ్యవే. ఒక్కణ్ణీ వండుకోలేక చస్తున్నా."

ఆ ఏడాది వాడున్న రాష్ట్ర ప్రభుత్వం నర్సులను తానే ఎంపిక చేసి, శాశ్వత నివాసానికి పేరు పంపిస్తానంది. తోబుట్టువు అక్కడే ఉంటే ముందు వరస. సలోమి ఎగిరి గంతేసింది. ఇంగ్లీషు పరీక్ష మూడుసార్లు రాసి గట్టెక్కింది. నర్సింగు కౌన్సిలు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. చర్చి పెద్దలు 'ఇశ్రాయేలు ఈమెకు అన్న' అని ఉత్తరం ఇస్తే, దాన్ని మాస్టారి దగ్గరికి తెచ్చింది. అన్న అంటే 'బ్రదర్'. మాస్టారు ఆ మాటే రాశారు, రెండో ఆలోచన లేదు. సలోమి కూడా దరఖాస్తులో అదే నింపింది. మనలో ఎవరమైనా అదే చేస్తాం. పిన్ని కొడుకును, పెదనాన్న కొడుకును అన్న అనక ఇంకేమంటాం?

ప్రభుత్వం సలోమిని ఎంపిక చేసింది. ఆసుపత్రిలో స్వీట్లు పంచింది పిచ్చిది. మూడు నెలలకు వీసా వాళ్ళ ఉత్తరం వచ్చింది. 'మీ తల్లి పేరు వేరు, మీరు అన్న అని రాసినతని తల్లి పేరు వేరు, తండ్రుల పేర్లూ వేరు. అబద్ధపు సమాచారం ఇచ్చారని ఎందుకు అనుకోకూడదో ఇరవై ఎనిమిది రోజుల్లో చెప్పండి. చెప్పలేకపోతే దరఖాస్తు పోతుంది, ఇంకో మూడేళ్ళు మళ్ళీ పెట్టుకునే వీలుండదు.' సలోమికి అప్పటికే నలభై నాలుగు నిండాయి. అక్కడ నలభై అయిదు దాటితే తీసుకోరు. మూడేళ్ళంటే ఇంకేముంది!

సలోమి ఆ ఉత్తరం తెచ్చి చూపిస్తే మాస్టారు బెంబేలెత్తారు. తన కలం చేసిన తప్పే కదా. వకీలును అడిగి దారి కనుక్కున్నారు. ఇది మోసం కాదు, మాటల్లో వచ్చిన పొరపాటు అని రుజువు చేస్తే, నర్సుల కొరతను బట్టి ఎంపికను అలాగే ఉంచుతారట. అందుకు ఇశ్రాయేలు ప్రమాణపత్రం ఇవ్వాలి. మాస్టారే దాన్ని ఇంగ్లీషులో రాసి పంపారు.

ఇశ్రాయేలు ఫోన్ చేశాడు. "మాస్టారూ, దీన్ని నాకోసారి తెలుగులో చదివి వినిపించండి."

మాస్టారు చదివారు. "సలోమి నా తల్లి కడుపున పుట్టలేదు. మా తల్లులు వేరు, తండ్రులు వేరు. ఆమె నాకు తోబుట్టువు కాదు."

"మా అమ్మ వింటే చస్తుందండీ," అన్నాడు. ఏలీశమ్మ పోయి అప్పటికి పదకొండేళ్ళు.

"ఉన్నమాటే కదయ్యా. కాగితం కోసమే," అన్నారు మాస్టారు.

"మీరు ఇంకేదన్నా రాయండి మాస్టారూ. కాలు ఇరిగిందని రాయండి, జైల్లో ఉన్నానని రాయండి. దీనికి మాత్రం నా చేత సంతకం పెట్టించకండి."

మూడు వారాలు పెట్టలేదు. వీసా అవసరం సలోమిదే గాక వాడిదీ అయినా సరే, పెట్టలేదు. చివరికి సలోమి ఏడుస్తూ ఫోన్ చేసింది. "అన్నా, నీ దగ్గరికి రావడానికే కదరా ఇదంతా. కాగితం మీద ఏదుంటే మనకేం? సంతకం పెట్టరా." ఇరవై ఆరో రోజున వాడు అధికారి ముందుకెళ్ళాడు. ఒట్టి సంతకం చాలన్నా వినకుండా, వెంట తెచ్చుకున్న బైబిలు మీద చెయ్యి పెట్టి, మూడు వాక్యాలూ పైకి చదివి సంతకం పెట్టాడు.

వీసా వచ్చింది. సలోమి వెళ్ళింది. విమానాశ్రయంలో వాడు పెట్టె అందుకుని, "బాగున్నావా సలోమీ" అన్నాడు. చెల్లీ అనలేదు. అలిసిపోయి ఉంటాడులే అనుకుంది. గది చూపించాడు, కంచంలో తనే వడ్డించాడు, చలికోటు కొనిపెట్టాడు, ఆసుపత్రికి రోజూ కారులో దింపాడు. ఒక్క లోటు చెయ్యలేదు. ఆ పిలుపు మాత్రం వినిపించలేదు. అడగడానికి ఆమెకూ నోరు రాలేదు.

ఏలీశమ్మ జ్ఞాపకార్థ కూడిక వచ్చింది. అక్కడి తెలుగు సంఘమంతా పోగయింది. సలోమి తెల్లవారకముందే లేచి నలభై మందికి పులిహోర కలిపింది, అమ్మకు ఇష్టమని. ప్రార్థనలో పాస్టరుగారు ఇశ్రాయేలు రాసిచ్చిన చీటీ చదివారు. "దైవసన్నిధికి చేరిన ఏలీశమ్మ గారు. ఆమె సంతానం, ఏకైక కుమారుడు ఇశ్రాయేలు."

మూడో వరసలో నిలబడ్డ సలోమి ముందున్న కుర్చీ పట్టుకుంది. పక్కనున్నావిడ, "మీరు ఆవిడకేమవుతారమ్మా?" అని అడిగింది. పెద్దమ్మ అన్న మాట సలోమి నోటికి అలవాటు లేదు.

ఇంటికొచ్చాక నిలదీసింది. "ఆ కాగితం ఇంగ్లీషోళ్ళకి ఇచ్చింది కదరా! మనోళ్ళ ముందు, తెలుగులో, అమ్మ ప్రార్థనలో కూడా నన్ను కాదంటావా?"

వాడు గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "దేవుడి పుస్తకం మీద చెయ్యేసి చెప్పానే సలోమీ. ఇంగ్లీషులో ఒకటీ తెలుగులో ఒకటీ చెప్తే ఆయన నా ఏ మాట నమ్మాలి? నీకేమన్నా జబ్బు చేస్తే ఏ మొహం పెట్టుకుని ఆయన్ని అడగాలి?"

ఇద్దరూ ఆ పూట మిగిలిన పులిహోర తిన్నారు. కిందటేడు సెలవుకు గుంటూరు వచ్చినప్పుడు, ఈ సంగతంతా మాస్టారికి ఈ గదిలోనే కూర్చుని చెప్పింది. పౌరసత్వం కూడా వచ్చేస్తుందట. దానికి కావలసిన కాగితాలు ఇంగ్లీషులోకి మార్పించుకుని, ఆయనకు దణ్ణం పెట్టి వెళ్ళింది.

మాస్టారు చెప్పడం ఆపారు. హైమవతి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అయినా చదువుకున్న బుర్ర ఊరుకోదు కదా.

"అయితే మాస్టారూ, మీరు ముందు రాసిందే తప్పు. తర్వాత రాసింది ఒప్పే కదండీ?"

"అవునమ్మా," అన్నారు గుర్నాథం మాస్టారు. "నేను తప్పు రాసినప్పుడు వాళ్ళు అన్నాచెల్లెళ్ళు. ఆ తర్వాత ఒప్పు రాశాను."