గులకరాళ్ళలో కూచున్న పిట్ట

చలికాలం పొద్దున పార్కులో నడకబాట మీద, తోకను పైకీ కిందికీ ఊపుతూ ఒంటరిగా తిరిగే బూడిదరంగు పిట్టను చూశారా? చూశాం అని గబుక్కున చెప్పేయకండి. ఆగి చూశారా అని అడుగుతున్నాను!

ఆగి చూసుంటే మీకో అనుమానం రావాలి. చుట్టూ ఎవరూ లేనప్పుడు కూడా అది ఎవరి కోసం ఊపుతున్నట్టు?

ఒకప్పుడు ఆ పిట్ట తోక కదిలేదే కాదు. పుల్లలా బిగుసుకుని ఉండేది. మంచుకొండల్లో పుట్టిన దానికి వాళ్ళమ్మ ఒక్కటే మాట నేర్పింది.

"కదిలావో, డేగ చూస్తుంది. కదలకు!"

చలి ముదిరాక పిట్టలన్నీ గుంపుగా దక్షిణానికి బయలుదేరాయి. దారిలో పెద్దగాలి విసిరికొట్టింది. బూడిద పిట్ట ఒక్కతే తప్పిపోయి, హైదరాబాదులో ఓ పార్కులో పడింది. బాట పక్కన గులకరాళ్ళు పరిచి ఉన్నాయి. బూడిదవి, తెల్లవి, నల్లవి. అచ్చం తన ఒంటి రంగులే! వాటి మధ్య నక్కింది. ఎవరూ లేనప్పుడు నాలుగు పురుగులు ఏరుకునేది. మళ్ళీ రాయైపోయేది.

రెండు గోరింకలు వచ్చాయి.

"ఈ రాయి నిన్న లేదు కదే?"

"ఉంటే ఉండనీవే తల్లీ! తినేదా, తాగేదా?"

నేను రాయిని కాదక్కా అనాలనుకుంది పిట్ట. అమ్మ మాట గుర్తొచ్చి ఇంకాస్త బిగుసుకుంది. ఓ పూట ఎవరిదో బూటు దాని పక్కనే ధనామని పడింది. అప్పుడూ కదల్లేదు.

ఎదురుగా సిమెంటు బెంచీ మీద ఒక బొమ్మ ఉండేది. శాలువా కప్పుకున్న ముసలమ్మ బొమ్మ. కళ్ళ చోట రెండు నల్లటి గొట్టాలు. పార్కన్నాక బొమ్మలుంటాయి కదా అనుకుంది పిట్ట. రోజూ ఎండెక్కేసరికి ఆ బొమ్మ ఎటు పోతుందో మాత్రం ఆలోచించలేదు.

ఒకరోజు ఒకాయన బొమ్మ దగ్గరికి వచ్చాడు. "ఏం ఎస్తేరమ్మగారూ, ఏమైనా కనిపించాయా?"

"ఎక్కడ నాయనా! ఈ గులకరాళ్ళు తప్ప!" అంది బొమ్మ.

పిట్టకు అప్పుడు తెలిసింది. బొమ్మ కాదు, మనిషి! పిట్టల్ని చూసే జట్టుతో వస్తుందట. మోకాళ్ళ నొప్పులు. జట్టు చెరువువైపు వెళ్ళిపోతే, తను ఇక్కడే దుర్భిణి పట్టుకుని కూచుంటుంది. కదిలితే పిట్టలు రావని జట్టు నియమం. అందుకని ఆమె కదలదు. డేగ చూస్తుందని ఇది కదలదు. ఆమెకు ఇది రాయి, దీనికి ఆమె బొమ్మ. ఎదురెదురుగా మూడు నెలలు!

చలి తగ్గింది. ఓ పొద్దున ఆకాశంలో తన గుంపు తిరిగిపోతూ వినిపించింది.

"కిందెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు. అన్నీ రాళ్ళే. పదండి!"

పిలుద్దామని పిట్ట నోరు తెరిచింది. మూడు నెలలుగా ఎవరితోనూ మాట్లాడని గొంతు పెగల్లేదు. కదిలితే డేగ. కదలకపోతే ఎండాకాలం. ఆ మాడ్చే ఎండలో తను బతకదు.

పోతే తోకే పోతుందిలే అనుకుంది.

తోక ఒక్కసారి ఊపింది. డేగ రాలేదు. ఇంకోసారి ఊపింది.

"ఓసి నీ తోక బంగారంగానూ! రాయివి కాదుటే నువ్వు?" ఎస్తేరమ్మ నియమం మరిచి లేచి నిలబడింది. చెయ్యెత్తి ఊపింది. పిట్ట తోక, ఆమె చెయ్యి, తోక, చెయ్యి!

పైనుంచి కేక వచ్చింది. "అదుగో! మనది! ఎగురు, మేమున్నాం!"

పిట్ట ఎగిరింది. ఎగిరాక వెనక్కి చూసింది. జట్టు ఎక్కడో చెరువు అవతల ఉంది. బెంచీ దగ్గర ఆ చెయ్యి ఒక్కటే, చిన్నదై, ఇంకా చిన్నదై, ఊగుతూనే ఉంది. ఆమెకు తిరిగి ఊపేవాళ్ళు ఎవరూ లేరు.

అప్పటినుంచే ఆ పిట్ట ఎక్కడ వాలినా తోక ఊపడం ఆపదు. రాయిని కాదు, ఉన్నాను అని చెబుతుంది. బొమ్మ అనుకున్న మనిషి ఎక్కడైనా చూస్తుందేమోనని.

రేపు పొద్దున పార్కుకెళ్ళండి. పిట్ట కనబడితే ఆగండి. బెంచీ మీద ఒంటరిగా ఎవరైనా ఉంటే, వాళ్ళు కదిలేదాకా ఎదురుచూడకండి. ముందు మీరే చెయ్యి ఊపండి!