గవరమ్మ ఊ కొట్టింది

అనగనగా ఏటి పక్కన ఒక ఊళ్ళో గవరమ్మ అని ఒకావిడ తుంగ చాపలు నేసేది. చాపలో పువ్వు తీయాలంటే పోచలు లెక్కపెట్టుకోవాలి. ఒక్కటి తప్పినా పువ్వు వంకర పోతుంది. అందుకని ఆవిడ నేతలో కూర్చుంటే ఎవరేం చెప్పినా "ఊ" కొట్టేది. కథకి నువ్వు కొడతావే, అలాగే. కాకపోతే వినేది కాదు.

ఒకనాడు పొరుగింటి నూకాలు వచ్చి, "అక్కా, చుట్టాలొచ్చారు, మీ పుంజుని పట్టుకుపోతున్నా" అంది. గవరమ్మ "ఊ" అంది. సాయంత్రం పుంజు కోసం వీధంతా వెతికింది. "ఊ అన్నావు కదక్కా. కూర కొంచెం మిగిలింది, పెట్టనా?" అంది నూకాలు. అందరూ నవ్వారు. గవరమ్మా నవ్వింది.

ఆ తర్వాత ఒకనాడు మొగుడు సింహాద్రి, "ఆవుని ఏటవతల మా చెల్లెలింటికి తోలేస్తున్నానే" అన్నాడు. "ఊ" అంది. పొద్దున్నే పాలచెంబు పట్టుకుని వెళితే కట్టుకొయ్య ఒక్కటే ఉంది. ఈసారి నవ్వలేదు. ఇకమీదట ఎవరు మాట్లాడినా చెయ్యి ఆపుతాననుకుంది. రెండ్రోజులు ఆపింది కూడా. మూడోనాడు పెళ్ళివారికి పువ్వుల చాప ఇవ్వాల్సొచ్చింది.

అప్పుడు ఆడపడుచు అప్పలకొండ వచ్చింది. ఆవిడకి పిల్లల్లేరు. గవరమ్మ పువ్వు మొదలెట్టేదాకా గుమ్మంలో ఊరికే కూర్చుంది. ఆ తర్వాత అడిగింది.

"వదినా, నీ ముత్యాల్ని నేను పెంచుకుంటాను. ఇస్తావా?"

గవరమ్మ పద్నాలుగో పోచ దగ్గరుంది. "ఊ" అంది.

గవరమ్మ కూతురు, ఐదేళ్ళ ముత్యాలు, అక్కడే తండ్రి పక్కన ఉంది. తల్లి మొహం వంక చూసింది. తల్లి తలెత్తలేదు. అప్పుడు అత్త చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

చాప ముగించి గవరమ్మ పిల్లని పిలిచింది. సింహాద్రి సంగతి చెప్పగానే ఏరు దాటి పరిగెత్తింది.

"ఇస్తావా అంటే ఊ అన్నావు వదినా. మా అన్న కూడా విన్నాడు" అంది అప్పలకొండ.

"నేను వినలేదు."

"అయితే ఊ అన్నదెవరు?"

ఊ అన్న నోరు గవరమ్మదే. తను మాత్రం ఆ పూట అందులో లేదు. లేని వేళ చూసుకునే వాళ్ళు అడిగారు.

"రావే, పోదాం" అంది పిల్లతో.

ముత్యాలు కదల్లేదు. "నువ్వే ఇచ్చేశావుగా" అంది.

ఆ తర్వాత గవరమ్మ పువ్వుల చాప నేయలేదు. ఎవరు పలికినా చెయ్యి ఆపి, మొహంలోకి చూసి వినేది. కానీ ఎవరైనా వచ్చి అడగడానికి ఆవిడ దగ్గర ఇంకేమీ మిగల్లేదు. ఏడాదికోసారి ముత్యాలు చుట్టపుచూపుగా వచ్చి, "అత్తా, మంచినీళ్ళు" అనేది.

కథ ఏరు దాటి కంచికి,
గవరమ్మ ఒక్కతే ఇంటికి,
కునుకేమో మన కంటికి.