బియ్యం డ్రమ్ములో పాటలు

బొబ్బిలి అవతల బ్యాండు మేళం పైడినాయుడి ఇంట్లో ఉన్నంత తెలివి జిల్లా మొత్తం మీద ఎక్కడా లేదు. ఈ మాట అన్నది జిల్లా కాదు, పైడినాయుడే. పెళ్ళాం గౌరమ్మ అది నమ్మి, మొగుడి బుర్రకీ కొడుకు తవిటయ్య బుర్రకీ రోజూ దిష్టి తీసేది.

నాయుడి తండ్రి క్లారినెట్ మీద వాయించిన పాటలన్నీ వాళ్ళ కంప్యూటర్లో ఉన్నాయి. ముసలాయన పోయాక మేళానికి అవే దిక్కు. ఆదివారం ప్రెసిడెంటు గారింట్లో పెళ్ళి ఊరేగింపు. సరిగ్గా దానికి నాలుగు రోజుల ముందే కంప్యూటర్ నత్తనడక మొదలెట్టింది.

రిపేరు చేసే శంకర్రావు వచ్చి చూశాడు. "పాత యంత్రం కదా, విండోస్ తీసేసి లైనక్స్ ఎక్కించుకోండి. ఉచితం. ఈ మూడు పెన్‌డ్రైవుల్లో మూడు రకాలున్నాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఏది సులువో అది పెట్టుకోండి. ముందు మాత్రం పాటలు ఇంకోచోట భద్రం చెయ్యండి."

"మాకు తెలీదేటి!" అన్నాడు నాయుడు.

ఇంకేముంది, తండ్రీకొడుకులు కంప్యూటర్ని దుప్పట్లో చుట్టి, నాయుడి అక్క సూరమ్మ ఇంటికి మోసుకెళ్ళి, బియ్యం డ్రమ్ములో పెట్టి మూత బిగించారు. ఇంటికొచ్చి చూస్తే పెన్‌డ్రైవు గుచ్చడానికి ఏమీ లేదు. గౌరమ్మ గోడకున్న ప్లగ్గు కన్నంలో గుచ్చి చూసింది, వెలగలేదు. అంతే, మళ్ళీ వెళ్ళి మోసుకొచ్చారు.

"మరి పాటలో, నాన్నా?"

"అవి డ్రమ్ములోనే ఉంటాయిరా. దాసిన సోట ఉండక ఎటెల్తాయి?"

ఇలాంటి తండ్రి ఎవరికుంటాడని తవిటయ్య పొంగిపోయాడు. నిజమే, ఎవరికీ ఉండకూడదు.

ఇక రకం ఎంచుకోవాలి. "మనం కొత్తవాళ్ళం కాదు కదా, మనకి సులువైతే లెక్కేటి?" అంది గౌరమ్మ. కంప్యూటర్ ఎప్పుడూ ముట్టని పాల సోములుని లాక్కొచ్చి మొదటిది చూపించారు. వాడు రెండోది కూడా చూడబోతే, "ఆగు! ఒకటి సూసేసినావు, ఇంక నువ్వు పాతోడివి" అని గౌరమ్మ గెంటేసింది. రెండోదానికి ఎదురింటి ముసలమ్మ వచ్చి తెరకి దండం పెట్టి వెళ్ళిపోయింది. మూడోదానికి దారినపోయే ఉప్పు బేరగాణ్ణి కూర్చోబెట్టారు. వాడి మోచెయ్యి తగిలి ఏదో బొమ్మ తెరుచుకుంది.

"సులువంటే ఇదీ!" అన్నాడు నాయుడు.

ఎక్కించబోతే తెర అడిగింది: ఇందులో ఉన్నవన్నీ పోతాయి, సరేనా?

తవిటయ్య చెయ్యి ఆగింది. "పోనీరా, మన పాటలు బియ్యంలో ఉన్నాయి కదా!" అన్నాడు తండ్రి. కొడుకు నొక్కాడు. అంతే, పోయాయి. లైనక్స్ మాత్రం చక్కగా వచ్చి కూర్చుంది, దానికేం పాపం.

ఆదివారం పొద్దున్నే పాటల కోసం సూరమ్మ ఇంటికి వెళ్ళారు. డ్రమ్ము ఖాళీ.

"నిన్న సుట్టాలొస్తే వండేసినానొరే, అడుగునున్నది మీ బావ తిన్నాడు" అంది సూరమ్మ.

నాయుడు అక్కడే కూలబడి "నాన్నా!" అని భోరుమన్నాడు. ఏడుపు నిజమైనదే, జాలిపడదామంటే నాకే మనసు రావడం లేదు. గౌరమ్మ మాత్రం కొంగు బిగించింది. "ఏడుస్తావేటి? తిన్నోడు ఎదురుగానే ఉన్నాడు కదా!"

ఆ సాయంత్రం ఊరేగింపు ముందు బండి మీద సూరమ్మ మొగుడు చొక్కా లేకుండా కూర్చున్నాడు, పొట్టకి మైకు కట్టి. పెళ్ళివారు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. చాలాసేపటికి స్పీకర్లో "గుర్ర్ర్..." మంది.

"ఏదయ్యా క్లారినెట్?" అని ప్రెసిడెంటు గారు కేకేశారు.

నాయుడు కళ్ళు తుడుచుకుని డప్పు ఎత్తాడు. "కాసేపు ఓపిక పట్టండి బాబూ, మా నాన్న ఇప్పుడే సుతి సేసుకుంటున్నాడు!"