ఓబులేసు రాసిన ఫిర్యాదు

మస్తాన్‌కు సంస్థానంలో కొలువు దొరికిందని తెలిసిన రోజు నుంచి ఓబులేసుకు అన్నం సయించడం మానేసింది.

ఇద్దరూ పెన్న ఒడ్డున మీరాసాబు బాబా దగ్గర ఏడేళ్ళు రాత నేర్చుకున్నారు. అర్జీలు, ఉత్తరాలు రాయడం, పాత గ్రంథాలకు నకళ్ళు తీయడం వాళ్ళ విద్య. ఓబులేసు రాస్తే ముత్యాలు పేర్చినట్టు ఉండేది. మస్తాన్ రాత ఫరవాలేదు, అంతే. పైగా అతని వరసలు కాగితం చివరికి పోయేసరికి కొండెక్కేవి. అలాంటివాడు దివాను కచేరీలో రాయసగాడై ఉత్తరాలు రాస్తుంటే, ఓబులేసు ఇంకా బాబా గుడిసె ముందు సిరా నూరుతున్నాడు.

అతను ఊరికే కూర్చున్నాడనడానికి లేదు. పదకొండు కచేరీలకు పదకొండు అర్జీలు, ఒక్క కొట్టివేత లేకుండా రాసి పంపాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు. కొలువు దొరికితేనే కూతుర్ని కాపురానికి పంపుతానని మామ భీష్మించి రెండేళ్ళయింది. ఉగాది దాకా చూస్తాం, ఆ తర్వాత మా దారి మేం చూసుకుంటాం అని మొన్ననే మళ్ళీ కబురు పెట్టాడు.

భార్య సంగతి తలుచుకుంటే ఎవరికైనా దిగులు పుట్టాలి. ఓబులేసుకు దిగులు కంటే అసూయే ముందు పుట్టేది. మస్తాన్ తలపాగా చుట్టుకుని కచేరీ మెట్లెక్కుతున్నట్టు కలలు వచ్చేవి. పగలు అతని పాత అభ్యాసం కాగితాలు వెతికి తీసి, వంకర అక్షరాలు ఏరుకుంటూ కాసేపు సుఖపడేవాడు. ఒకడి బాగు చూసి కళ్ళలో నిప్పులు పోసుకుంటే మండేది ఎవరి కళ్ళో అతనికి చెప్పేవాళ్ళు లేకపోయారు.

చివరికి ఉండబట్టలేక, వాడికి ఆ కొలువు ఎలా దొరికిందో కూపీ లాగుదామని బయలుదేరాడు. అర్జీలు పంపేటప్పుడు గడప దాటని మనిషి, పదిహేను రోజులు నాలుగు ఊళ్ళు కాలినడకన చుట్టివచ్చాడు. అసూయకు ఉన్నంత ఓపిక ఆకలికి కూడా ఉండదు.

తిరిగివచ్చి బాబా ముందు కూలబడ్డాడు.

“అంతా తెలిసినోళ్ళ పలుకుబడి బాబా. రాత చూసి ఇచ్చిన కొలువు కాదు. మీరు దివానుగారితో ఒక్క మాట చెప్పండి.”

దివాను తన మాట వింటాడని బాబా ఒప్పుకున్నాడు. అయితే ఇలాంటి సంగతుల్లో నోటిమాట నిలవదన్నాడు.

“ఎవురిని కలిసినావో, ఎవురేమన్నారో, ఒక్క మాట పోకుండా రాసి తీసుకురా.”

ఓబులేసు ఆ పూటంతా కూర్చుని రాశాడు. పుట్టి బుద్ధెరిగాక అంత అందంగా ఎన్నడూ రాయలేదు. మస్తాన్ పేరు తొమ్మిది చోట్ల వచ్చింది. వచ్చిన ప్రతిసారీ కలం కాస్త గట్టిగా ఒత్తుకుంది.

బాబా కాగితం అందుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. అక్షరం బాగా కుదిరిందన్నాడు. తర్వాత కలం సిరాలో ముంచి, మస్తాన్ పేరు ఉన్న ప్రతిచోటా ఒక గీత గీసి, కాగితం వెనక్కి ఇచ్చాడు.

“ఇప్పుడు చదువు.”

ఓబులేసుకు కోపం వచ్చింది. అంత చక్కని కాగితం గీతల పాలయింది. అయినా గురువు మాట కాబట్టి, గీతలు పడినచోట దాటేస్తూ పైకి చదవసాగాడు.

“గాజుల నరసయ్య. రాణివాసానికి గాజులు తీసుకుపోతాడు. ఏ కచేరీలో ఏ పనికి మనిషి కావాలో ఇతనికి ముందే తెలుస్తుంది. పని కావాలని నోరు తెరిచి అడిగినవాళ్ళకు చెప్తాడు.

“తమలపాకుల తోట కొండారెడ్డి. పట్నం వర్తకులకు ఉత్తరాలు రాసిపెట్టే పనికి మొదట ఈయనే పిలిచాడు. రాలేదు. ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది.”

ఇక్కడికి వచ్చేసరికి ఓబులేసు గొంతు తగ్గింది.

“వంటశాల పెద్ద సుబ్బరాయుడు. దివానుకు దగ్గరివాడు. కనుమ దిగువ కచేరీకి ఇంకో ఇద్దరు రాతగాళ్ళు కావాలని, మంచి చేయి ఉన్నవాళ్ళుంటే చెప్పమని...”

ఆపైన చదవలేకపోయాడు. అక్షరాలు తనవే. ఆ మాటలన్నీ తన చెవులతో విన్నవే.

“వాళ్ళు నీ పేరు అడగలేదా నాయనా?” అన్నాడు బాబా.

“అడిగినారు బాబా.”

“ఏం చెప్పినావు?”

ఓబులేసు కాగితం మడతపెట్టాడు.

“మస్తాన్ స్నేహితుణ్ణని చెప్పినాను.”

బాబా నవ్వలేదు. కలం కడిగి, గుడ్డతో తుడిచి, ఓబులేసు చేతికి ఇచ్చాడు.

“మళ్ళా పో. ఈసారి నీ పేరు చెప్పు.”